గంగమ్మ తల్లి, టీకా సూది



మే నెల వచ్చిందంటే మా తిరుపతి ఆడవాళ్లకు ఒక పక్క ఊరగాయల పని, ఇంకో పక్క గంగమ్మ జాతర పని. మంగళవారం రాత్రి చాటింపు వేశారంటే వారం రోజులు ఊరంతా తాతయ్యగుంట గంగమ్మదే. చాటింపు విన్నవాళ్లు జాతర ముగిసేదాకా పొలిమేర దాటకూడదని మా పెద్దలు చెప్పేవారు.

కిందటి జాతరకు నేను అంబలి కాస్తూ ఉంటే, ఇంటర్మీడియెట్ చదివే మా అమ్మాయి వంటింటి గడప దగ్గర కూర్చుని ఒక ప్రశ్న వేసింది. "అమ్మా, గంగమ్మకు అంబలి పోసేది మన ఇంట్లో ఎవరికీ అమ్మవారు పొయ్యకుండా చల్లగా చూడమనే గదా? ఆ స్ఫోటకం ప్రపంచంలోనే లేకుండా పోయిందని మా పుస్తకంలో ఉంది. దాన్ని పోగొట్టింది టీకా. మరి నువ్వు ఇంకా మొక్కేది ఎందుకు?" అని.

నాకు వెంటనే జవాబు తోచలేదు. పదో తరగతితో చదువు ఆపేసినదాన్ని నేను. పక్కన కూర్చుని వేపాకు దూస్తున్న మా అమ్మ మాత్రం చేతిలో పని ఆపి, రవిక చెయ్యి పైకి జరిపి మనవరాలికి చూపించింది. భుజానికి కొంచెం కిందగా రెండు మచ్చలు, పావలా బిళ్లంతవి. "ఈ మచ్చలు ఉండబట్టే నేను ఉండాను మే. గంగమ్మను అడిగినాకనే మా యమ్మ నాకు ఇవి ఏపించింది" అన్నది.

ఆ రెండు మచ్చల కథ నాకు చిన్నప్పటినుంచీ కొంత తెలుసు. మిగతాది పెద్దలను అడిగీ, పుస్తకాలు చూసీ తెలుసుకున్నాను. శాస్త్రమా, దైవభక్తా అని మన ఇళ్లలో పిల్లలకూ పెద్దలకూ వాదన వచ్చినప్పుడు ఈ కథ పనికివస్తుందని మీ ముందు పెడుతున్నాను.

మా గంగమ్మ జాతరను చూడనివారికి రెండు మాటలు చెప్పాలి. ఆడవాళ్లను చెరబట్టే పాలెగాడొకడు ఉండేవాడట. వాణ్ణి సంహరించడానికి అమ్మ అవిలాల గ్రామంలో పుట్టి పెరిగిందనీ, భయపడి దాక్కున్న పాలెగాణ్ణి వేషాలు మార్చి వెతికిందనీ చెబుతారు. అందుకే జాతరలో బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం, సున్నపుకుండల వేషం కడతారు. మగవాళ్లు చీర కట్టి, పూలు పెట్టుకుని, మొక్కు తీర్చుకుంటారు. తిరుమల వెంకన్నకు చెల్లెలు గనుక దేవస్థానం నుంచి ఆమెకు సారె వస్తుంది. చివరి రాత్రి మట్టితో అమ్మవారి విశ్వరూపం చేస్తారు. ఆ మట్టిని ప్రసాదంగా ఇంటికి తెచ్చుకుంటారు, జబ్బు చేసినప్పుడు వాడుకుంటారు.

పాలెగాడి కథ ఒకటైతే, ఇంటి ఆడవాళ్ల భయం ఇంకొకటి. ఎండలు ముదిరే రోజుల్లోనే మన దేశంలో స్ఫోటకం విరుచుకు పడేది. అందుకే బెంగాలువాళ్లు దాన్ని వసంతరోగం అన్నారు. మనం రోగం పేరు ఎత్తడానికే భయపడి "అమ్మవారు పోసింది" అన్నాం. మా జాతర కూడా సరిగ్గా ఆ ఎండల్లోనే వస్తుంది. ఉడుకెత్తిన తల్లిని చల్లబరచాలని అంబలి, వేపాకు, పసుపునీళ్లు. చిత్తూరు నడివీధి గంగమ్మకైనా, కుప్పం గంగమ్మకైనా, చౌడేపల్లె దగ్గర బోయకొండ గంగమ్మకైనా తల్లులు మొక్కుకునేది బిడ్డల కోసమే గదా.

ఇంట్లో అమ్మవారు పోస్తే ఏం చేసేవారో మీ ఇళ్లలో పెద్దవాళ్లు చెప్పే ఉంటారు. గుమ్మానికి వేపమండలు కట్టేవారు. అది చూసి పరాయివాళ్లు లోపలికి వచ్చేవారు కారు. చాకలికి బట్టలు వేసేవారు కారు. బిడ్డను వేపాకు పరిచిన పక్కమీద పడుకోబెట్టి మజ్జిగన్నం, అంబలి పెట్టేవారు. పొక్కులు ఎండేదాకా ఉంచి, వేపాకు, పసుపు వేసిన నీళ్లు పోసేవారు. ఇందులో మంచి లేకపోలేదు. రోగిని వేరుగా ఉంచడం అంటురోగానికి సరైన పనే. ఒళ్లు కాలిపోయే బిడ్డకు పలచని ఆహారం ఇవ్వడమూ సరైనదే. అయితే ఒంట్లోకి చేరిన స్ఫోటకాన్ని చంపే శక్తి వేపాకుకు లేదు. టీకా లేనివాళ్లకు గట్టి స్ఫోటకం సోకితే పదిమందిలో ఇద్దరో ముగ్గురో పోయేవారు. బతికినవాళ్లలో కొందరికి చూపు పోయేది. 20వ శతాబ్దంలోనే ఈ రోగం 30 కోట్లమందిని తీసుకుపోయిందని అంచనా.

ఆ తీసుకుపోయినవాళ్లలో మా పెద్దమామ ఒకడు. పాకాల దగ్గర పల్లె మా అమ్మగారిది. మా అవ్వకు తొలిచూలు మగబిడ్డ, నాలుగేళ్లవాడు. ఎనిమిదో రోజున పోయినాడు. అవ్వ ఆ సంగతి చెప్పేటప్పుడు ఒక్క మాట తప్పకుండా అనేది: "ఆ పొద్దు మరిచిపోయి పప్పుకు తాలింపు ఏసినాను. అమ్మకు ఆ ఘాటు పడలేదు. నా చేతులతో నేనే పంపించేసినాను." అమ్మవారు ఉన్న ఇంట్లో తాలింపు వెయ్యకూడదు గదా. ఇరుగుపొరుగులూ అదే మాట అన్నారట. ఆమె బతికినన్నాళ్లూ ఆ తప్పు తనదేనని నమ్మింది. అమ్మలక్కలారా, మన ఆచారాల్లో నాకు బాధ కలిగించేది వేపాకు కాదు, పసుపునీళ్లూ కాదు. బిడ్డ పోయిన తల్లి మీదనే ఆ నేరం మోపడం.

ఈ రోగానికి మందు వెతికినవాళ్లు దైవభక్తి లేనివాళ్లని మా అమ్మాయి అనుకుంటుంది. చరిత్ర చూస్తే అట్లా లేదు. మన దేశంలో జెన్నర్ టీకాకు ముందే ఒక పద్ధతి ఉండేది. బెంగాలులో ఉద్యోగం చేసిన హోల్వెల్ అనే ఆంగ్లేయుడు దాన్ని గురించి 1767లో లండన్ వైద్యులకు రాసి ఇచ్చాడు. ఎండకాలం రాకముందే కొందరు బ్రాహ్మణులు ఊరూరా తిరిగి, కిందటేడు రోగి పొక్కుల నుంచి తీసి దాచిన రసాన్ని గంగనీళ్లతో తడిపి, పిల్లల చేతిమీద చిన్న గాటు పెట్టి అద్దేవారట. ఆ పని చేస్తున్నంతసేపూ దేవిని స్తుతిస్తూనే ఉండేవారు. పథ్యం చెప్పేవారు. చన్నీళ్లు పోయించేవారు. కొద్దిగా పొక్కి తగ్గిపోయేది, మళ్లీ ఆ రోగం వచ్చేది కాదు. గాటు పెట్టేదీ, పూజ చేసేదీ ఒకే మనిషి అన్నమాట. ఆ పద్ధతిలోనూ అపాయం ఉంది. కొందరికి రోగం ముదిరేది, పక్కవాళ్లకు అంటేది.

టర్కీలో ఈ పని ముసలమ్మలు చేసేవారు. అక్కడి ఆంగ్ల రాయబారి భార్య లేడీ మేరీ మాంటేగు అది చూసి 1718లో తన కొడుక్కు వేయించింది. స్ఫోటకంతో తమ్ముణ్ణి పోగొట్టుకుని, తన ముఖం నిండా మచ్చలు తెచ్చుకున్న మనిషి ఆమె. 1721లో లండన్‌లో తన కూతురికీ వేయించింది. మరుసటి ఏడు మాసీ అనే క్రైస్తవ మతగురువు, రోగం దేవుడు పంపేది, దాన్ని కావాలని తెచ్చిపెట్టడం పాపమని గుడిలో ఉపన్యసించాడు. అదే 1721లో అమెరికాలోని బోస్టన్ నగరంలో కథ తిరగబడింది. అక్కడ కాటన్ మాథర్ అనే మతగురువు, ఆఫ్రికానుంచి తెచ్చిన తన బానిస ఒనెసిమస్ చెప్పగా ఈ పద్ధతి తెలుసుకుని వేయించుకోమన్నాడు. వద్దని గొడవ చేసినవాడు వైద్యుడు! భక్తుడు ఒకవైపు, శాస్త్రవేత్త ఇంకొకవైపు అని గీత గీసి చెప్పడం ఎంత కష్టమో చూడండి.

1796 మే 14న ఇంగ్లండులో ఎడ్వర్డ్ జెన్నర్, ఆవు పొదుగుమీది పొక్కులు అంటుకున్న ఒక పాలమ్మాయి చేతినుంచి రసం తీసి ఎనిమిదేళ్ల పిల్లవాడికి వేశాడు. ఆ తర్వాత స్ఫోటకం రసం వేసినా పిల్లవాడికి రోగం రాలేదు. లాటిన్ భాషలో ఆవును వాక్కా అంటారు. వాక్సిన్ అనే మాట దానినుంచే వచ్చింది. ఈ జెన్నర్ కూడా ఒక మతగురువు కొడుకే.

ఐసుపెట్టెలు లేని కాలం గదా. ఒక బిడ్డ చేతిమీది పొక్కునుంచి ఇంకొక బిడ్డ చేతికి, ఇట్లా చేతినుంచి చేతికి దాటుకుంటూ ఆ రసం బాగ్దాదు, బస్రా మీదుగా బొంబాయికి చేరింది. 1802 జూన్ 14న అక్కడ మూడేళ్ల ఆడపిల్ల ఒకతె మన దేశంలో మొదటి టీకా వేయించుకున్నది. ఆ ఏడే మద్రాసుకూ వచ్చింది. మనకు పొరుగున ఉన్న మైసూరులో 1805లో థామస్ హికీ అనే చిత్రకారుడు ముగ్గురు రాచస్త్రీల పటం గీశాడు. అందులో చిన్నరాణి పైట జరిపి చెయ్యి చూపిస్తూ ఉంటుంది. టీకా వేయించుకోండని జనానికి చెప్పడానికే ఆ పటం గీయించారని చరిత్రకారుడు నైజెల్ ఛాన్సలర్ అన్నారు. పరాయి మగవాడి ఎదుట రాణివాసపు స్త్రీలు కూర్చోని రోజుల్లో అది చిన్న విషయం కాదు.

రాణులు వేయించుకున్నా మన ఊళ్లలో చాలాకాలం జనం ఒప్పుకోలేదు. వాళ్లను మూఢులని తేలిగ్గా అనేస్తాం. కాని వాళ్ల వైపు నుంచి ఆలోచించండి. పాత పద్ధతిలో పూజ ఉంది, పథ్యం ఉంది, తెలిసిన మనిషి ఉన్నాడు. తెల్లదొరల టీకాలో అవేవీ లేవు. సర్కారు మనిషి వచ్చి గీసిపోయేవాడు. వారం తర్వాత మళ్లీ వచ్చి అదే బిడ్డ పొక్కును చిదిమి, ఆ రసం ఇంకో ఇంటి బిడ్డకు వేసేవాడు. ఏ కులం బిడ్డ రసమో అనే బాధ ఒకటి, పసిబిడ్డ ఏడుపు ఒకటి. 1880లో చట్టం చేసి కొన్ని పట్టణాల్లో నిర్బంధం చేశారు. నిర్బంధం అనేసరికి ఇంకా దాచుకున్నారు. మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లాంటి చోట్ల దూడలమీద టీకారసం తయారుచేయడం వచ్చాకనే ఈ చేతినుంచి చేతికి మార్చే బాధ తప్పింది. 1911 దాకా ఉత్తర ఆర్కాటు జిల్లాలోనూ, ఆ తర్వాత చిత్తూరు జిల్లాలోనూ ఉన్న మన ఊళ్లన్నీ మద్రాసు రాజధాని కిందివే గదా.

ఇక మా అవ్వ సంగతి. పెద్దమామ పోయిన కొన్నేళ్లకు మా అమ్మ పుట్టింది. టీకాలాయన పల్లెకు వచ్చాడని తెలిస్తే చాలు, అవ్వ అమ్మను గింజల గాదె వెనక దాచేది. రెండేండ్లు అట్లా తప్పించింది. మూడో ఏడు వచ్చిన టీకాలాయన వయసుమళ్లినవాడు. అవ్వ తలుపు వేసుకుంటే ఆయన అరుగుమీద కూర్చుని మజ్జిగ అడిగాడట. మజ్జిగ తాగుతూ, "అమ్మా, ఇంతకు ముందు ఎవురినైనా పోగొట్టుకుంటివా?" అని అడిగాడట. అంతవరకూ ఆమెను ఆ మాట అడిగిన సర్కారు మనిషి లేడు. అవ్వ తాలింపు సంగతి చెప్పి ఏడ్చింది. ఆయన అంతా విని, "తాలింపుతో పొయ్యే బిడ్డలైతే ఈ దేశంలో ఒక్క బిడ్డ మిగిలేది కాదు తల్లీ. అది అంటురోగం. నీ తప్పు లేదు" అన్నాడట.

అయినా అవ్వ వెంటనే ఒప్పుకోలేదు. "మా గంగమ్మను అడగల్ల" అన్నది. సరేనని ఆయన పెట్టె తీసుకుని ఆమె వెంట ఊరి గంగమ్మ గుడికి పోయి, చెప్పులు బయట విడిచి, పెట్టెను గడప దగ్గర పెట్టాడు. అవ్వ పెట్టెకు పసుపుకుంకుమ పెట్టి దణ్ణం పెట్టుకున్నది. అక్కడనే, వేపచెట్టు నీడలో, మా అమ్మకు టీకా వేశారు. ఆ రోజుల్లో గుండ్రటి పనిముట్టొకటి చేతిమీద అదిమి తిప్పేవారు, బాగా నొప్పి. అవ్వను చూసి ఆ పొద్దు వీధి వీధంతా బిడ్డలను ఎత్తుకొచ్చారట. రెండేండ్లు సర్కారు బెదిరింపుతో కాని పని ఒక చెంబు మజ్జిగతో అయిపోయింది.

మన దేశంలో స్ఫోటక నిర్మూలన కార్యక్రమం 1962లో మొదలైంది. 1967నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ అన్ని దేశాల్లో పట్టుదలగా పూనుకున్నది. 1974లో మన దేశంలో 1,88,000 మందికి సోకి, 31,000 మందికి పైగా చనిపోయారు. ఎక్కువగా బీహారు తదితర ఉత్తరాది రాష్ట్రాల్లో. అప్పుడు పనివాళ్లు స్ఫోటకం పోసిన బిడ్డ బొమ్మకార్డు చేతబట్టుకుని ఇల్లిల్లూ తిరిగి, "ఇట్లాంటి రోగి ఎక్కడైనా ఉన్నారా" అని అడిగేవారు. ఉన్నచోట చుట్టూ అందరికీ టీకాలు వేసేవారు. ఆ పనిలో చేరిన అమెరికా వైద్యుడు లారీ బ్రిలియంట్ అంతకు ముందు నైనీతాల్ దగ్గర నీమ్ కరోలీ బాబా ఆశ్రమంలో ఉండేవాడు. పోయి ఆ సంస్థలో చేరి స్ఫోటకాన్ని పోగొట్టమని బాబానే తనను పంపించాడని ఆయన చెప్పుకున్నాడు. 1975 మే నెలలో అస్సాంలోని కరీంగంజ్‌లో, రైల్వే స్టేషన్లో బిచ్చమెత్తుకునే ఒక పేదరాలికి కనిపించినదే మన దేశంలో ఆఖరు కేసు. 1980 మే 8న ప్రపంచ ఆరోగ్య సభ, భూమిమీద స్ఫోటకం లేదని ప్రకటించింది. అంతకు ముందే మన పిల్లలకు ఆ టీకా వేయడం మానేశారు. నా చేతిమీద ఆ మచ్చలు లేవు.

నా చేతిమీద ఉన్నది ఒక్క మచ్చ. అది క్షయకు వేసే బి.సి.జి. 1948లో మన దేశంలో దాన్ని మొదట వేసిన చోట్లలో అప్పటి చిత్తూరు జిల్లా మదనపల్లె ఒకటి. అక్కడి ఆరోగ్యవరం శానిటోరియంవాళ్లు ఈ టీకాపై ఏళ్లతరబడి పరిశోధన చేశారు. 1955లో రాజాజీ అంతటి పెద్దమనిషి ఈ టీకా వద్దని పుస్తకమే రాశారు. తర్వాత చెంగల్పట్టు జిల్లాలో పెద్ద ఎత్తున పరిశీలిస్తే, పెద్దవాళ్ల ఊపిరితిత్తుల క్షయను ఇది ఆపడం లేదని 1979లో తేలింది. పసిబిడ్డలకు మెదడుకు పాకే క్షయనుంచి మాత్రం కాపాడుతుంది, అందుకే పుట్టగానే వేస్తున్నారు. చూశారా, శాస్త్రం తాను చెప్పిన మాటను తానే పరీక్షించి, తప్పితే దిద్దుకుంటుంది. ప్రశ్న అడిగినవాళ్లంతా మూఢులు కారు.

ఇంత చెప్పిన నేను నా బిడ్డ విషయంలో ఏం చేశానో కూడా చెప్పాలి. మా అబ్బాయికి తొమ్మిదో నెలలో వేయించవలసిన తట్టు టీకా, జలుబుగా ఉందని ఒకసారి, ఊరికి పోవాలని ఒకసారి వాయిదా వేశాను. ఏడాది దాటాక ఒంటినిండా తట్టు పోసింది. అమ్మవారు గదా, డాక్టరు దగ్గరికి పోకూడదని పక్కింటివాళ్లు అన్నారు. నేనూ వేపాకు పరిచి, మూడు నీళ్లు పోసేదాకా చూద్దామనుకున్నాను. మూడోరోజున బిడ్డకు ఎగశ్వాస వచ్చింది. కబురు తెలిసి మా అమ్మ పాకాల నుంచి బస్సెక్కి వచ్చింది. నాకన్నా పదిరెట్లు భక్తురాలు ఆమె. వస్తూనే బిడ్డను భుజాన వేసుకుని, "ఏమ్మే, గంగమ్మ నిన్ను ఆసుపత్రికి పోవద్దన్నెనా? పక్కింటామె చెప్పిందా? పద ముందు. పొంగలి వచ్చినాక పెడుదువుగాని" అని నా మీద విరుచుకు పడింది. న్యుమోనియా. ఇంకొక పూట ఆలస్యమైతే చెప్పలేమన్నారు. పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాం. బిడ్డ దక్కాడు. ఇంటికి వచ్చాక అమ్మే దగ్గరుండి గంగమ్మకు పొంగలి పెట్టించింది.

ఆ రాత్రి నన్ను కూర్చోబెట్టి, "నువ్వు చేసింది ఆలస్యం, దాన్ని దిద్దుకో. నీవల్ల వచ్చింది మాత్రం అనుకోబాక. మా యమ్మ అట్లా అనుకునే చచ్చిపోయింది" అన్నది.

అందుకని ఇప్పుడు మా అమ్మాయికి నేను చెప్పే జవాబు ఇది. స్ఫోటకం ఎందుకు వస్తుందో, ఎట్లా పోతుందో శాస్త్రమే చెప్పాలి, అది గంగమ్మను అడగవలసిన సంగతి కాదు. రాత్రంతా బిడ్డ పక్కన కూర్చునే తల్లికి ఎవరు తోడు అనే ప్రశ్నకు మా అవ్వ, మా అమ్మ గంగమ్మ దగ్గర జవాబు వెతుక్కున్నారు. రోగం పోయినా ఆ రాత్రులు పోలేదు. నేను అంబలి పోసేది ఆ తోడుకు. నీకు అవసరం లేదనిపిస్తే నువ్వు పోయవద్దు, నేనేమీ అనను. టీకా మాత్రం మానవద్దు.

సోదరీమణులారా, స్ఫోటకం పోయింది గాని తట్టు పోలేదు, ఆటలమ్మ పోలేదు. బిడ్డకు తొమ్మిది నెలలు నిండగానే తట్టు టీకా ఒకటి, పదహారు నుంచి ఇరవైనాలుగు నెలల మధ్య రెండోది తప్పక వేయించండి. ఒంటిమీద పొక్కులు కనిపిస్తే వేపమండ కట్టాలనుకుంటే కట్టుకోండి, ఆ పొద్దే డాక్టరుకూ చూపించండి. ఏ ఇంట్లోనైనా బిడ్డకు బాగాలేకపోతే ఆ తల్లితో "నువ్వేం తప్పు చేసినావో" అనకండి. ఒక చెంబు మజ్జిగ తీసుకుపోయి, ఆమె చెప్పేది వినండి.